ఏడు ముక్కల స్టడ్ పోకర్: చింతపిక్కలతో మొదటి నుంచి నేర్చుకుందాం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలు నేలకొరిగాయి. ఆ తర్వాత చాలా రోజులు కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. పగలంతా విరిగిన చెట్లు నరికి దారి చేసుకోవడం, చీకటి పడ్డాక అరుగు మీద లాంతరు చుట్టూ చేరడం. ఓడలో పనిచేసే మా బావ సెలవుకి వచ్చి మాతోపాటే చిక్కుకుపోయాడు. ఆయన బ్యాగులో ఒక పేక కట్ట ఉంది. ఆ రాత్రుల్లోనే మాకు స్టడ్ పోకర్ నేర్పాడు.

మొదటిసారి ముక్కలు పంచగానే పిన్ని అడిగింది, "ఏటి బాబూ, ముక్కలు అందరికీ కనబడీలా పెట్టీసి ఆడితే ఆటేటి?" అని. రమ్మీలో, మూడు ముక్కలాటలో పెరిగిన వాళ్లందరికీ మొదట వచ్చే సందేహం ఇదే. ఆ ఆటల్లో మన చేతిలో ముక్కలు మనకే తెలుసు. స్టడ్‌లో ఒక్కొక్కరి ఏడు ముక్కల్లో నాలుగు అందరి కళ్ల ముందే ఉంటాయి. ఇక్కడ మన ముక్కలు చూసుకోవడం చిన్న పని, ఎదుటివాళ్లవి చూసి గుర్తుపెట్టుకోవడం పెద్ద పని. ఈ సంగతి మనసులో పెట్టుకుని చదివితే నియమాలు త్వరగా పడతాయి.

ఏమేం కావాలి

జోకర్లు తీసేసిన 52 ముక్కల కట్ట ఒకటి. ఆడేవాళ్లు ఇద్దరి నుంచి ఏడుగురి వరకు. ఎనిమిది మంది కూడా ఆడవచ్చు గానీ అందరూ చివరిదాకా ఉంటే 56 ముక్కలు కావాలి. ముక్కలు చాలకపోతే చివరి ముక్కను ఒక్కొక్కరికీ పంచకుండా ఒకటే తీసి, మధ్యలో తెరిచిపెట్టి అందరికీ ఉమ్మడి ముక్కగా లెక్కిస్తారు. నేర్చుకునేటప్పుడు నలుగురైదుగురు ఉంటే బాగుంటుంది.

పందానికి చింతపిక్కలు, జీడిపిక్కలు. మా ఇంట్లో ఒక జీడిపిక్కకు నాలుగు చింతపిక్కల విలువ. ఆట మొదట్లో ప్రతి ఒక్కరికీ 40 చింతపిక్కలు, 30 జీడిపిక్కలు ఇస్తే సాయంత్రం అంతా సరిపోతాయి. జీడిపిక్కలు బాగా ఎండినవే తీసుకోండి. చిన్నపిల్లలు పక్కన ఉంటే నోట్లో పెట్టుకోకుండా చూడండి, తొక్కలోని జీడి తగిలితే పెదాలు పుండు పడతాయి.

డబ్బు పెట్టవద్దు. ఇది నేను మర్యాద కోసం అంటున్న మాట కాదు. పేకాటలో పొలం పోగొట్టుకున్న ఇల్లు మా వీధిలోనే ఉంది, ఆ ఇంటి పిల్లలతో కలిసి చదువుకున్నాను. చట్టం కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974 నుంచి అమల్లో ఉంది, 2020 సవరణతో ఆన్‌లైన్ పందేలు కూడా దాని కిందికి వచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. పిక్కలతో ఆడినా ఆట రుచి ఏమీ తగ్గదు. తగ్గుతుందని ఎవరైనా అంటే వాళ్లకు కావాల్సింది ఆట కాదు, డబ్బు.

ముందుగా ఏది పెద్దదో తెలియాలి

ఏడు ముక్కలు వచ్చినా చివర్లో లెక్కకు వచ్చేది అందులో మంచి ఐదు మాత్రమే. ఆ ఐదింటి వరస, పెద్దదాని నుంచి చిన్నదానికి, ఇదీ:

రాయల్ ఫ్లష్: ఒకే రంగులో (అన్నీ ఇస్పేటు, లేదా అన్నీ ఆటీను, ఇలా) 10, జాకీ, రాణి, రాజు, ఆసు.
స్ట్రెయిట్ ఫ్లష్: ఒకే రంగులో వరసగా ఐదు. ఉదాహరణకు ఇస్పేటు 5, 6, 7, 8, 9.
నాలుగు ఒకటే: నాలుగు తొమ్మిదులు, పక్కన ఏదో ఒకటి.
ఫుల్ హౌస్: మూడు ఒకటే, దానితో ఒక జత. మూడు రాణులు, రెండు నాలుగులు.
ఫ్లష్: ఐదూ ఒకే రంగు, వరస అక్కర్లేదు. మనం కలర్ అనేది ఇదే.
స్ట్రెయిట్: ఐదు వరసగా, రంగులు ఏవైనా.
మూడు ఒకటే.
రెండు జతలు.
ఒక జత.
ఏదీ లేకపోతే పెద్ద ముక్క.

ఇక్కడ కాస్త ఆగండి. మూడు ముక్కలాట ఆడినవాళ్లు తప్పకుండా తడబడే చోటు ఇది. అందులో సీక్వెన్స్ కలర్‌ని కొడుతుంది. పోకర్‌లో కలరే సీక్వెన్స్‌ని కొడుతుంది. మా పెదనాన్న చాలా రోజులు దీన్ని ఒప్పుకోలేదు, ఓడలవాళ్లు తమకు తోచినట్టు మార్చేసుకున్నారనే అన్నాడు. అసలు కారణం లెక్కలో ఉంది. మూడేసి ముక్కలు తీస్తే 22,100 రకాల చేతులు, అంటే ముక్కల కలయికలు, వస్తాయి. వాటిలో రంగు కలవని మామూలు సీక్వెన్సులు 720, వరస కలవని కలర్లు 1,096. అంటే అక్కడ సీక్వెన్స్ అరుదు. ఐదేసి తీస్తే 25,98,960 చేతులు. వాటిలో స్ట్రెయిట్లు 10,200, ఫ్లష్‌లు 5,108. ఇక్కడ కలర్ అరుదు. ఏది తక్కువగా వస్తుందో అదే పెద్దది, రెండు ఆటలకూ న్యాయం ఒకటే. ఈ అంకెలు కాగితం మీద వేసి చూపించాకే పెదనాన్న సరేనన్నాడు.

ఇంకో తేడా ఆసు దగ్గర. చాలాచోట్ల మూడు ముక్కలాటలో ఆసు, 2, 3 సీక్వెన్స్‌కి పెద్ద పీట వేస్తారు. పోకర్‌లో ఆసు, 2, 3, 4, 5 అన్నిటికన్నా చిన్న స్ట్రెయిట్. రాణి, రాజు, ఆసు, 2, 3 అసలు స్ట్రెయిటే కాదు.

ఇద్దరికీ ఒకే జత వస్తే మిగిలిన ముక్కల్లో పెద్దది ఎవరిదైతే వాళ్లు గెలుస్తారు. అన్నీ సమానమైతే కుప్పను, అంటే మధ్యలో పడిన పందెం మొత్తాన్ని, సగం సగం పంచుకోవాలి. ఇస్పేటు గొప్ప, కళావరు తక్కువ అనే తేడా గెలుపు తేల్చేటప్పుడు ఉండదు.

మొదటి సాయంత్రం పందెం లేకుండా గడపండి. ఒక్కొక్కరికీ ఏడేసి ముక్కలు తెరిచే పంచి, "నీ మంచి ఐదు ఏవి?" అని అడుగుతూ పోవాలి. ఏడు ముక్కల మధ్య దాక్కున్న ఫ్లష్‌ని కొత్తవాళ్లు చూడకుండా వదిలేస్తారు. ఇరవై ముప్పై సార్లు పంచితే కన్ను అలవాటు పడుతుంది.

ఆట నడిచే తీరు

ముక్కలు పంచకముందే ప్రతి ఒక్కరూ ఒక చింతపిక్క మధ్యలో వేయాలి. మూడు ముక్కలాటలో బూట్ వేసినట్టే.

తర్వాత ఒక్కొక్కరికీ రెండు మూసిన ముక్కలు, ఒక తెరిచిన ముక్క. ఇంగ్లీషు పేర్లలో దీన్ని థర్డ్ స్ట్రీట్ అంటారు, అంటే మూడో ముక్క దశ. తెరిచిన ముక్కల్లో అందరికన్నా చిన్నది ఎవరికి వచ్చిందో వాళ్లు తప్పనిసరిగా పందెం మొదలుపెట్టాలి, మా లెక్కలో రెండు చింతపిక్కలు. దీని పేరు బ్రింగ్-ఇన్. ఇద్దరికీ ఒకే చిన్న ముక్క వస్తే మాత్రం రంగు చూస్తారు. కళావరు అన్నిటికన్నా కింద, దానిపైన డైమండు, ఆపైన ఆటీను, అందరికన్నా పైన ఇస్పేటు. ఆట మొత్తంలో రంగుకి పెద్దా చిన్నా ఉండేది ఈ ఒక్క చోటే.

అక్కడి నుంచి పందెం గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. మీ వంతు వచ్చినప్పుడు మూడు దారులు: ముక్కలు పడేసి డ్రాప్ అవ్వడం, ఉన్న పందెం అంతే వేసి కాల్ చేయడం, లేదా పెంచడం. రెండు చింతపిక్కల బ్రింగ్-ఇన్‌ని మొదట పెంచేవాళ్లు ఒక జీడిపిక్కకు, అంటే నాలుగుకు, పూర్తిచేస్తారు. ఆ తర్వాత ఒక్కోసారి ఒక్కో జీడిపిక్క చొప్పున పెంచవచ్చు. ఒక పందెం, దానిపైన మూడు పెంపులు అయ్యాక ఆ దశలో ఇక పెంచకూడదు.

నాలుగో ముక్క తెరిచి పంచుతారు. ఇక్కడి నుంచి వరస తలకిందులవుతుంది: కనిపించే ముక్కలు ఎవరివి పెద్దవైతే వాళ్లు మొదట మాట్లాడాలి. పందెం వేయాలనిపించకపోతే చెక్ అనవచ్చు, అంటే ఏమీ వేయకుండా వంతు దాటించడం. ఎవరైనా పందెం వేశాక మాత్రం చెక్ కుదరదు. ఈ దశలో పందెం ఒక జీడిపిక్కే.

ఐదో ముక్క, ఆరో ముక్క కూడా తెరిచే వస్తాయి. ఐదో ముక్క నుంచి పందెం రెట్టింపు, రెండు జీడిపిక్కలు. ఏడో ముక్క మూసి ఇస్తారు. దాని తర్వాత చివరి పందెం, అప్పటికీ ఇద్దరో ముగ్గురో మిగిలితే అందరూ ముక్కలు తిప్పి చూపించాలి. అందరూ డ్రాప్ అయి ఒక్కరే మిగిలితే ఆ ఒక్కరు ముక్కలు చూపించకుండానే కుప్ప తీసుకుంటారు.

పంచేవాళ్లు రెండు సంగతులు పాటించాలి. నాలుగో ముక్క నుంచి ప్రతి దశకు ముందు పైముక్క ఒకటి తీసి మూసి పక్కన పెట్టాలి, పైముక్కను ఎవరైనా చూసి ఉంటే దానివల్ల లాభం లేకుండా. రెండోది, ముక్క పడగానే గట్టిగా చెప్పాలి: "పిన్నికి రాజు మీద నాలుగు. బావకి రాజు మీద ఆరు. బావ ముందు." లాంతరు వెలుగులో ఇది మాకు ఎంతో పనికొచ్చింది, కంటిచూపు తగ్గిన పెద్దవాళ్లకు ఇప్పటికీ పనికొస్తోంది.

డ్రాప్ అయినవాళ్ల తెరిచిన ముక్కలు కూడా వెంటనే బోర్లా తిప్పేస్తారు. "ఇందాక నువ్వు పడేసిందేంటి?" అని అడగడం మర్యాద కాదు. చూసినప్పుడే గుర్తుపెట్టుకోవాలి.

ఏ ముక్కలతో ఉండాలి, ఏవి పడేయాలి

కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు ప్రతి ఆటలో ఉండిపోవడం. ఏడు ముక్కలు వస్తాయి కదా, ఏదో ఒకటి కలవకపోతుందా అనిపిస్తుంది. కలుస్తుంది, నిజమే. ఎదుటివాళ్లకి కూడా కలుస్తుంది.

మొదటి మూడు ముక్కల్లో వీటికే విలువ ఇవ్వండి: మూడూ ఒకటే రావడం (ఇది 425లో ఒక్కసారి వచ్చే భాగ్యం, ఎదురుచూడకండి), పది లేదా అంతకన్నా పెద్ద జత, చిన్న జతతో పాటు ఆసో రాజో ఉండడం, మూడూ ఒకే రంగు, లేదా 10, జాకీ, రాణి లాంటి పెద్ద వరస. సుమారుగా ఆరు చేతుల్లో ఒకదానికి జత వస్తుంది. మూడూ ఒకే రంగు పంతొమ్మిదిలో ఒకసారి. మిగిలినవన్నీ పడేసి కూర్చోవడమే. మా తమ్ముడికి ఇది చాలా కష్టమైంది, వాడికి ఖాళీగా కూర్చోవడం చేతకాదు. కానీ డ్రాప్ అయినవాడు ఖాళీగా ఉండక్కర్లేదు, మిగిలినవాళ్లు ఎలా ఆడుతున్నారో చూడవచ్చు. నేను సగం ఆట అలా చూసే నేర్చుకున్నాను.

జత అయితే మూసిన రెండు ముక్కల్లో ఉండడం మేలు. బయట ఒకటి, లోపల ఒకటి ఉన్న జతను ఎదుటివాళ్లు ఊహించగలరు. లోపలే ఉన్న జతకు మూడోది బయట పడితే ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పుడు అసలు విషయం. మీ ముక్కలు ఎంత మంచివైనా, మీకు కావాల్సినవి ఇంకా కట్టలో ఉన్నాయా లేవా అన్నది ముఖ్యం. మీ మొదటి ఐదు ముక్కల్లో నాలుగు ఆటీన్లు ఉన్నాయనుకుందాం. ఎదుటివాళ్లవి తొమ్మిది ముక్కలు చూశారు. మీవి ఐదు, వాళ్లవి తొమ్మిది పోగా మీరు చూడనివి 38. వాళ్ల తొమ్మిదిలో ఆటీను ఒక్కటి కూడా లేకపోతే ఆ 38లో 9 ఆటీన్లు ఉన్నట్టు. రాబోయే రెండు ముక్కల్లో ఫ్లష్ పడే అవకాశం నూటికి 42. అదే ఆ తొమ్మిదిలో నాలుగు ఆటీన్లు కనిపించి ఉంటే, అవకాశం నూటికి 25కి పడిపోతుంది. మీ చేతిలో ముక్కలు అవే, వాటి విలువ మాత్రం బాగా తగ్గిపోయింది. చుట్టూ చూడనివాళ్లకి ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

ఒక ఆట మొత్తం

మొన్న సంక్రాంతికి మా అరుగు మీద జరిగిన ఆట ఇది. నలుగురం, నా తర్వాత పిన్ని, ఆమె తర్వాత బావ, చివర తమ్ముడు. అయిపోయాక అందరం ముక్కలు తిప్పి చూసుకున్నాం కాబట్టి లోపలివి కూడా చెప్పగలను.

బూట్ నాలుగు పిక్కలు పడ్డాయి (ఈ ఆటలో పందెం అంకెలన్నీ చింతపిక్కల లెక్కే). నాకు బయట కళావరు 2, లోపల పొత్తులేని రెండు ముక్కలు. పిన్నికి బయట డైమండు రాజు, లోపల ఆటీను 9, ఇస్పేటు 9. బావకి బయట ఆటీను 6, లోపల ఆటీను ఆసు, ఆటీను 10. తమ్ముడికి బయట ఇస్పేటు జాకీ, లోపల కళావరు జాకీ, డైమండు 5.

చిన్న ముక్క నాది కాబట్టి రెండు పిక్కలు వేశాను. పిన్ని నాలుగుకు పూర్తిచేసింది, బావ, తమ్ముడు కాల్ చేశారు. నేను డ్రాప్. కుప్పలో 18.

నాలుగో ముక్క పిన్నికి కళావరు 4, బావకి ఆటీను రాజు, తమ్ముడికి డైమండు 3. పిన్నికీ బావకీ ఇద్దరికీ రాజే పెద్ద. రెండో ముక్క చూస్తే నాలుగు కన్నా ఆరు పెద్దది, కాబట్టి బావ ముందు. ఆయన నాలుగు వేశాడు, ఇద్దరూ కాల్. కుప్ప 30.

ఐదో ముక్క పిన్నికి డైమండు 9. లోపల రెండు, బయట ఒకటి, మూడు తొమ్మిదులు. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. బావకి డైమండు 2, తమ్ముడికి ఇస్పేటు 8. పిన్ని ముందు, ఎనిమిది వేసింది. బావ చేతిలో నాలుగు ఆటీన్లు, కాల్ చేశాడు. తమ్ముడు జాకీల జత చూసుకుని, ఇద్దరు రాజుల ఎదురుగా పెద్ద పందెం దశలో అది చాలదని పడేశాడు. మంచి నిర్ణయం, ఏడాది క్రితం అయితే వాడు పడేసేవాడు కాదు. కుప్ప 46.

ఆరో ముక్క పిన్నికి కళావరు 5, బావకి ఆటీను 3. ఇప్పుడు బావకి బయటే మూడు ఆటీన్లు. పిన్ని చెక్ అంది. బావ ఎనిమిది వేశాడు.

పిన్ని చేసిన లెక్క చూడండి. బావకి ఫ్లష్ వచ్చేసిందని ఆమె అనుకుంది. అది నిజమైతే మూడు తొమ్మిదులు చాలవు, ఫుల్ హౌస్ కావాలి. తన ఆరు ముక్కలు, బావవి నాలుగు, తమ్ముడు పడేసినవి మూడు, నేను పడేసిన కళావరు 2 ఒకటి, మొత్తం 14 చూసింది. చూడనివి 38. తనకు పనికొచ్చేవి: రాజులు రెండు (ఒకటి బావ దగ్గర కనిపిస్తోంది), నాలుగులు మూడు, ఐదులు మూడు, మిగిలిన తొమ్మిది ఒకటి. మొత్తం తొమ్మిది ముక్కలు. 38లో 9, అంటే నాలుగింట ఒక వంతుకు కాస్త తక్కువ. కుప్పలో 54 ఉన్నాయి, తాను వేయాల్సింది 8. ఎనిమిదికి 54 గెలిచే చోట ఏడెనిమిది సార్లలో ఒకసారి గెలిచినా నష్టం లేదు. ఆమె కాల్ చేసింది. తమ్ముడి లోపల ఒక 5 ఉందని ఆమెకు తెలియదు, తెలియనిదాన్ని లెక్కలోకి తీసుకోలేం. కుప్ప 62.

ఏడో ముక్క మూసి వచ్చింది. పిన్నికి ఇస్పేటు 4. మూడు తొమ్మిదులు, రెండు నాలుగులు, ఫుల్ హౌస్. ఎనిమిది వేసింది. బావ తన ఆసు ఫ్లష్ మీద నమ్మకంతో 16 చేశాడు. పిన్ని 24 చేసింది. బావ కాసేపు ఆమె ముక్కల వైపు చూసి కాల్ చేశాడు. 110 పిక్కల కుప్ప పిన్ని కొంగులోకి వెళ్లింది.

బావ తప్పుగా ఆడలేదు. ఫ్లష్‌తో అలాగే ఆడాలి. కాకపోతే బయట మూడు ఆటీన్లు పెట్టుకున్నవాడి మీద పిన్ని మళ్లీ పెంచిందంటే, ఆమె ఆ ఫ్లష్‌ని చూసే పెంచిందని అర్థం. అక్కడ కాల్ దగ్గరే ఆగి మళ్లీ పెంచకపోవడం ఆయన అనుభవం.

ముందుకు వెళ్లేవాళ్లకు

మీ ఇంట్లో పిల్లలుంటే ఐదు ముక్కల స్టడ్‌తో మొదలుపెట్టండి. ఒకటి మూసి, నాలుగు తెరిచి. నియమాలు దాదాపు ఇవే, లెక్క తేలిక.

నాలుగో ముక్క దగ్గర ఒక మినహాయింపు ఉంది: ఎవరికైనా బయటే జత కనిపిస్తే ఆ దశలోనే రెట్టింపు పందెం వేయవచ్చు. మొదటి వారం దీన్ని వదిలేయండి.

జ్ఞాపకం పెంచడానికి మేం చేసేది ఒకటుంది. ప్రతి ఆట అయ్యాక, ముక్కలు కలిపే ముందు, పంచినవాళ్లు ఒకరిని అడుగుతారు: "డ్రాప్ అయినవాళ్లు బయట చూపించిన ముక్కలేవి?" సరిగ్గా చెబితే ఒక చింతపిక్క బహుమతి. మొదట్లో ఎవరూ చెప్పలేకపోయారు. ఇప్పుడు మా ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి రంగులతో సహా వరసగా చెప్పేస్తుంది. అందరూ అలా చెప్పగలిగిన రోజున ఆ మినహాయింపు నియమాన్ని కూడా కలుపుకోండి.